రవాణా కేంద్రిత అభివృద్ధి: అమలాపురం, కోనసీమ

బస్టాండు, రైల్వే స్టేషన్, మెట్రో స్టేషన్ వంటి ప్రయాణ కేంద్రానికి నడిచి వెళ్లగల దూరంలో ఇళ్లు, దుకాణాలు, కార్యాలయాలు, బడులు, ఆసుపత్రులు ఉండేలా ఊరిని తీర్చే పద్ధతిని రవాణా కేంద్రిత అభివృద్ధి అంటారు. పట్టణ ప్రణాళిక కార్యాలయాల్లో దీన్ని టీఓడీ అని పొట్టిగా పిలుస్తారు. గోదావరి మధ్య డెల్టాలోని అమలాపురానికీ, దానితో రాకపోకలు పెనవేసుకున్న రాజోలు, కొత్తపేట, రావులపాలెం కేంద్రాలకూ ఈ పద్ధతి ఎలా వర్తిస్తుందో ఈ వ్యాసం వివరిస్తుంది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన కోనసీమ జిల్లాకు అమలాపురం ముఖ్యపట్టణం. జిల్లా పేరు తరువాత డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లాగా మారింది. అమలాపురానికి ఇంకా రైలు రాలేదు. అందువల్ల ఇక్కడ రవాణా అంటే మొదట బస్సు, ఆ తర్వాత ఆటో, కొన్నిచోట్ల ఇప్పటికీ పంటు (ఏరు దాటించే పడవ).

నిర్వచనం, కొలతలు

ఈ పేరును వాడుకలోకి తెచ్చినవారిలో అమెరికా వాస్తుశిల్పి పీటర్ కాల్‌థార్ప్ ముఖ్యుడు. 1993లో ఆయన రాసిన పుస్తకంతో ఇది ఒక సిద్ధాంతంగా నిలబడింది. 1997లో రాబర్ట్ సెర్వెరో, కారా కాకెల్‌మన్ దీన్ని మూడు గుణాలుగా విడదీశారు: జనసాంద్రత, ఉపయోగాల కలయిక, నడవడానికి వీలైన వీధి రూపకల్పన. గమ్యాలు ఎంత అందుబాటులో ఉన్నాయి, స్టేషన్ ఎంత దూరం అనే మరో రెండు గుణాలు తరువాత చేరాయి. మొదటి మూడు గుణాల్లో ఒక్కటి లోపించినా పద్ధతి కుంటుపడుతుంది. బస్టాండు పక్కన పది అంతస్తుల భవనం లేచినా, అందులో ఉండేవారు కారు తీయనిదే గడప దాటలేకపోతే అది ఈ నిర్వచనంలోకి రాదు.

భారత ప్రభుత్వం 2017లో ప్రకటించిన జాతీయ విధానం ప్రకారం స్టేషన్ చుట్టూ 500 నుంచి 800 మీటర్ల మేర ఉన్న ప్రాంతం ప్రభావ మండలం. పది పన్నెండు నిమిషాల నడక అన్నమాట. 800 మీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీస్తే దాని వైశాల్యం సుమారు 2 చదరపు కిలోమీటర్లు. అమలాపురం పురపాలక సంఘం విస్తీర్ణం 7.20 చదరపు కిలోమీటర్లే. అంటే బస్టాండు నడుమ పెట్టి గీసిన ఒక్క వృత్తం పట్టణంలో నాలుగో వంతు దాటిపోతుంది. మహానగరంలో టీఓడీ అంటే ఊళ్లో ఒక ముక్క. అమలాపురంలో దాదాపు ఊరి నడిబొడ్డంతా అందులోకి వచ్చేస్తుంది. ఈ ఒక్క లెక్కే ఇక్కడి ప్రణాళిక తీరును మార్చేస్తుంది.

2011 జనాభా లెక్కల్లో అమలాపురం జనసంఖ్య 53,231. జనగణన వర్గీకరణలో 50,000 నుంచి 99,999 వరకు ఉన్నవి రెండో తరగతి పట్టణాలు. అయితే ఈ సంఖ్య ఊరి బరువును సరిగా చెప్పదు. చదువుకు, కోర్టుకు, కలెక్టరేటుకు, ఆసుపత్రికి, పెళ్లి బట్టలకు చుట్టుపక్కల మండలాల జనం రోజూ ఈ ఊరికే వస్తారు. కోనసీమలో ఒక గ్రామం ఎక్కడ ముగిసి ఇంకొకటి ఎక్కడ మొదలవుతుందో కొబ్బరి తోటల మధ్య కొత్తవారు పోల్చుకోలేరు. పురపాలక హద్దులో నివసించేవారికంటే దాన్ని వాడుకునేవారు చాలా ఎక్కువ.

చరిత్ర: రేవు, లాకు, కూడలి

ప్రయాణ కేంద్రం చుట్టూ ఊరు పెరగడం కోనసీమకు పాత అనుభవమే. తూర్పున గౌతమి, పడమర వసిష్ఠ, నడుమ వైనతేయ. ఏ దిక్కుకు పోవాలన్నా ఏరు దాటాలి. దాటే చోట రేవు ఉండేది. రేవు దగ్గర పడవ కోసం ఆగేవారికి పాక హోటలు, ఎడ్లబండ్లకు చెట్టు నీడ, సరుకు దించడానికి కొట్టు, ఆపైన ఒక సంత. ముక్తేశ్వరం–కోటిపల్లి, బోడసకుర్రు–పాశర్లపూడి, ఎదుర్లంక–యానాం, సఖినేటిపల్లి–నర్సాపురం రేవులు ఇలా బతికినవే.

1847–1852 మధ్య సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక కాలువలు వచ్చాయి. అవి సాగునీటితో పాటు పడవలనూ నడిపాయి. నీటి మట్టం మారేచోట లాకులు కట్టారు. పడవ లాకులో ఆగితీరాలి కాబట్టి అక్కడా జనం చేరారు. ఆత్రేయపురం దగ్గరి లొల్ల లాకులు ఆ కాలపు నిర్మాణాల్లో బాగా పేరున్నవి. గన్నవరం దగ్గర వైనతేయ మీద కట్టిన పాత అక్విడక్టు ఏటికి అవతల ఉన్న రాజోలు వైపు భూములకు కాలువ నీటిని మోసింది, మనుషులకూ దారి ఇచ్చింది. దాని పక్కన 2000లో వచ్చిన కొత్త అక్విడక్టుకు డొక్కా సీతమ్మ పేరు పెట్టారు.

రోడ్డు వంతెనలు వచ్చాక పటం తిరగబడింది. జొన్నాడ–రావులపాలెం మధ్య గౌతమి మీద, సిద్ధాంతం దగ్గర వసిష్ఠ మీద జాతీయ రహదారి వంతెనలు పడేసరికి రావులపాలెం కోనసీమకు ముఖద్వారమైంది. విజయవాడ నుంచి వచ్చేవారూ, రాజమహేంద్రవరం నుంచి వచ్చేవారూ అక్కడ దిగి లోపలికి బస్సు మారతారు. ఆ కూడలి చుట్టూ అరటి మార్కెట్టు, పూతరేకుల దుకాణాలు, లాడ్జీలు పెరిగాయి. ఎవరూ ప్రణాళిక గీయకుండా వచ్చిన రవాణా కేంద్రిత అభివృద్ధికి రావులపాలెం మంచి ఉదాహరణ. దాని బలమూ, బలహీనతా రెండూ అక్కడ కనిపిస్తాయి. వ్యాపారం వచ్చింది గాని నడిచేవాడికి దారి రాలేదు.

లోక్‌సభ స్పీకరుగా పనిచేసిన అమలాపురం సభ్యుడు జి.ఎం.సి. బాలయోగి కోనసీమ రోడ్లు, వంతెనలు, రైలు కోసం పట్టుబట్టిన నాయకుడు. 2002 మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన మరణించారు. యానాం–ఎదుర్లంక వంతెనకు ఆయన పేరే ఉంది. ఆ వంతెనతో కాకినాడ–అమలాపురం బస్సు నేరుగా నడిచింది. బోడసకుర్రు–పాశర్లపూడి వంతెన రాజోలును, చించినాడ వంతెన పశ్చిమ గోదావరి వైపును కలిపాయి. కత్తిపూడి నుంచి ఒంగోలు వరకు తీరం వెంబడి సాగే 216వ నంబరు జాతీయ రహదారి ఈ వంతెనల మీదుగానే వెళుతుంది. వంతెన పడ్డ ప్రతిచోటా రేవు చుట్టూ ఉన్న కొట్లు మూతపడి, వ్యాపారం బస్సు ఆగే చోటికి తరలింది. ప్రయాణ కేంద్రం జరిగితే ఊరి నడిబొడ్డు కూడా జరుగుతుందనడానికి ఇంతకంటే దగ్గరి సాక్ష్యం అక్కర్లేదు. (చూ. పంటు; జల రవాణా, గోదావరి డెల్టా)

కోటిపల్లి–నర్సాపురం రైలు మార్గం

కాకినాడ–కోటిపల్లి మధ్య 45 కిలోమీటర్ల రైలు మార్గాన్ని 1928లో వేశారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పట్టాలు ఊడదీసి తీసుకుపోయారు. ఆరు దశాబ్దాల తరువాత, 2004లో, ద్రాక్షారామం, రామచంద్రపురం మీదుగా ఆ మార్గం తిరిగి వచ్చింది. దాని మీద ఒకే పెట్టెతో రైలుబస్సు కొన్నేళ్లు నడిచింది. కోటిపల్లిలో పట్టాలు గౌతమి ఒడ్డున ఆగిపోతాయి.

అక్కడి నుంచి అమలాపురం, రాజోలు మీదుగా నర్సాపురం వరకు సుమారు 57 కిలోమీటర్ల కొత్త మార్గం 2000–01లో మంజూరైంది. మార్గం చిన్నది, నదులు పెద్దవి. గౌతమి, వైనతేయ, వసిష్ఠ మూడింటి మీదా వంతెనలు కావాలి. సవరించిన అంచనా రూ. 2,000 కోట్లు దాటింది. ఖర్చులో నాలుగో వంతు రాష్ట్రం భరించాలన్న షరతు ఉంది. భూసేకరణ, నిధుల విడుదల రెండూ ఏళ్ల తరబడి ఆగుతూ సాగాయి.

ప్రణాళిక కోణంలో ఈ రైలు ఒక ప్రశ్న తెస్తుంది. అమలాపురం పాత వీధుల నడుమ పట్టాలకు చోటు లేదు, స్టేషన్ అంచునే వస్తుంది. అప్పుడు ఊరికి రెండు ప్రయాణ కేంద్రాలు ఉంటాయి: నడుమ బస్టాండు, అంచున రైల్వే స్టేషన్. రెంటినీ ఒకే ప్రణాళికలో చూడకపోతే, స్టేషన్ రోడ్డు వెంట వరి చేలు లేఅవుట్లుగా మారతాయి, నడిబొడ్డు మాత్రం ఇప్పటిలాగే కిక్కిరిసి ఉంటుంది. స్టేషన్ దగ్గర కూడా టీఓడీ చేయవచ్చని కొందరి వాదన. కానీ యాభై వేల పైచిలుకు జనాభా ఉన్న ఊరికి రెండు దట్టమైన కేంద్రాలను నిలబెట్టే గిరాకీ లేదు. స్టేషన్‌ను బస్టాండుతో తరచుగా నడిచే సిటీ బస్సుతో కలిపి, దట్టమైన కట్టడాలను పాత నడిబొడ్డులోనే ఉంచడం ఈ ఊరి కొలతకు సరిపోయే మార్గం.

ఇతర దేశాలు, ఇతర నగరాలు

కోపెన్‌హాగన్ 1947లో తన విస్తరణను అయిదు వేళ్ల ఆకారంలో రైలు మార్గాల వెంట మళ్లించి, వేళ్ల సందుల్లో పచ్చని నేలను వదిలింది. హాంకాంగ్‌లో స్టేషన్ల మీది భూమి హక్కుల రాబడితోనే మెట్రో సంస్థ పట్టాల ఖర్చులో కొంత రాబట్టుకుంటుంది. చిన్న పట్టణానికి వీటికంటే బ్రెజిల్‌లోని క్యూరిటీబా పాఠం పనికొస్తుంది. అక్కడ 1974లో బస్సులకు ప్రత్యేక దారి వేసి, ఆ దారి పక్కనే ఎత్తయిన భవనాలకు అనుమతి ఇచ్చి, లోపలి వీధుల్లో తక్కువ ఎత్తు ఉంచారు. రైలు లేకుండానే ఊరు క్రమంలో పెరిగింది.

తెలుగు నేల మీద పెద్ద ప్రయోగం హైదరాబాద్ మెట్రో. 2017 నవంబరులో రైళ్లు మొదలైన ఈ ప్రాజెక్టు ఒప్పందంలో 269 ఎకరాల్లో 1.85 కోట్ల చదరపు అడుగుల వాణిజ్య నిర్మాణ హక్కు మెట్రోను కట్టిన సంస్థకు దక్కింది. ఆ హక్కుతో స్టేషన్ల పక్కన మాల్‌లు లేచాయి. మెట్రో దిగి మాల్‌లోకి వెళ్లడం సులువైంది, పక్క బస్తీలోకి నడవడం మాత్రం చాలాచోట్ల అంత సులువు కాలేదు. స్టేషన్ స్థలాన్ని అభివృద్ధి చేయడం ఒకటి, స్టేషన్ చుట్టూ ఊరిని అభివృద్ధి చేయడం ఇంకొకటి.

చట్టాలు, సంస్థలు

అమలాపురం పురపాలక సంఘం 1948లో ఏర్పడింది. హద్దు బయట పెరుగుతున్న ప్రాంతం అమలాపురం పట్టణాభివృద్ధి సంస్థ (అముడా) పరిధిలోకి వస్తుంది. ఇలాంటి సంస్థలకు ఆధారం 2016 నాటి రాష్ట్ర చట్టం. పట్టణ ప్రణాళికకు మూల చట్టం 1920 నాటిది. జాతీయ స్థాయిలో 2006 పట్టణ రవాణా విధానం వాహనాలను కాకుండా మనుషులను కదిలించడమే లక్ష్యమని చెప్పింది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ వెండింగ్ కమిటీ ఉండాలి, సర్వే చేసి స్థలాలు చూపకుండా బండ్లను తొలగించకూడదు.

సాంద్రతను అదుపు చేసే సాధనం విషయంలో మన రాష్ట్రానికి ఒక ప్రత్యేకత ఉంది. చాలా రాష్ట్రాలు స్థలానికి ఇన్ని రెట్లు కట్టవచ్చని ఎఫ్ఎస్ఐ అంకె పెడతాయి. 2017 ఆంధ్రప్రదేశ్ భవన నియమాలు ప్రధానంగా రోడ్డు వెడల్పు, స్థలం విస్తీర్ణం, ఎత్తు, చుట్టూ వదలాల్సిన ఖాళీ ఆధారంగా నడుస్తాయి. ఫలితం ఏమిటంటే, రోడ్డు వెడల్పుగా ఉన్నచోటే ఎత్తు కట్టగలరు. అమలాపురంలో గడియార స్తంభం చుట్టుపక్కల పాత వీధులు ఇరుకు, బైపాస్ వెడల్పు. కాబట్టి నియమాలే భవనాలను బస్సు ఆగే చోటు నుంచి ఊరి బయటికి నెడుతున్నాయి. టీఓడీ ప్రణాళికలో మొదట సరిచేయాల్సిన మెలిక ఇది.

అమలాపురం నడిబొడ్డు: నడక కొలత

పట్టణం మధ్య నుంచి పంట కాలువ పోతుంది. దాని మీది ఎర్ర వంతెన, నల్ల వంతెనలే ఊరి వాళ్లకు దారి గుర్తులు. ఎవరికైనా చిరునామా చెప్పాలంటే ముందు వంతెన పేరు, తర్వాత వీధి పేరు. కాలువ ఊరిని రెండుగా చీలుస్తుంది కాబట్టి పటం మీద 300 మీటర్లు ఉన్న చోటికి వంతెన చుట్టి పోవాలంటే రెట్టింపు దూరం నడవాల్సి వస్తుంది. పటం మీద గీసిన గుండ్రని వృత్తం అందుకే ఇక్కడ అబద్ధం చెబుతుంది. ప్రభావ మండలాన్ని కాళ్లతో కొలవాలి.

పొద్దున్నే పల్లెవెలుగు బస్సు దిగే విద్యార్థిని దారిని చూస్తే సంగతి తెలుస్తుంది. ప్లాట్‌ఫారం మీద దిగి గేటు దాటే వరకు ఆమెకు ఇబ్బంది లేదు. గేటు బయట షేర్ ఆటోలు అడ్డంగా ఆగి ఉంటాయి. వాటి వెనుక బైకుల వరస, దాని వెనుక మెట్ల మీదికి పరిచిన దుకాణం సరుకు, దాని కింద మురుగు కాలువ మీది పలకలు. పలకల్లో ఒకటి లేచి ఉంటే ఆమె రోడ్డు మీదికి దిగుతుంది, అదే సమయానికి కొబ్బరికాయల లారీ వస్తుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం కాలిబాటకు అడ్డులేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి. రెండు చక్రాల కుర్చీలు ఎదురెదురుగా వచ్చినా పట్టాలి అన్నది దాని లెక్క.

2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైంది. బస్సు ఎక్కడానికి డబ్బు అడ్డు తొలగినప్పుడు మిగిలే అడ్డు బస్టాండు దాకా నడక, బస్టాండులో మరుగుదొడ్డి, చీకటి పడ్డాక వెలుతురు. ఈ మూడూ ఆర్టీసీ ఒక్కదాని పని కాదు. గేటు లోపలిది ఆర్టీసీది, గేటు బయటిది పురపాలక సంఘానిది. రెంటి మధ్య ఉన్న ఆ పది అడుగులు ఎవరివీ కాకుండా పోతున్నాయి.

సాయంత్రం ఇంకో రవాణా మొదలవుతుంది. హైదరాబాద్ వెళ్లే ప్రైవేటు బస్సులు రోడ్ల పక్కన ఆగి జనాన్ని ఎక్కించుకుంటాయి. ఆ జనంలో ఉద్యోగాలకు తిరిగి వెళ్లేవారు, గల్ఫ్ విమానం అందుకోవాల్సినవారు, వాళ్లను సాగనంపడానికి వచ్చిన కుటుంబాలు ఉంటారు. సంక్రాంతి తర్వాత ఈ రద్దీ చెప్పనలవి కాదు. ఈ బస్సులకు కేటాయించిన ప్రాంగణం లేకుండా రాసిన ఏ ప్రణాళికా కోనసీమను చూసి రాసినట్టు కాదు.

కేంద్రాల రకాలు

జిల్లాలోని ప్రయాణ కేంద్రాలన్నిటికీ ఒకే నమూనా పనికిరాదు. అమలాపురం పాలన, విద్య, వైద్యం, బట్టల వ్యాపారం కలిసిన కేంద్రం కాబట్టి అన్నిరకాల ఉపయోగాలూ ఇక్కడ కలవాలి. రావులపాలెం బస్సు మారే కూడలి. 16వ నంబరు జాతీయ రహదారి మీద దూరపు బస్సు దిగి ఊరి బస్సు ఎక్కేవారికి రోడ్డు దాటే సురక్షితమైన దారి, రాత్రి వేళ కూర్చునే చోటు ముందు కావాలి. రాజోలు–తాటిపాక జంట కేంద్రం వైనతేయకు పడమర ఉన్న మండలాలకు ఆధారం.

కొత్తపేట 2022లో రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. అక్కడ ఇప్పుడే తీసుకోగల నిర్ణయం ఒకటి ఉంది: కొత్త కార్యాలయాలను బస్సు ఆగే చోటికి నడిచే దూరంలో పెట్టడం. ప్రభుత్వ కార్యాలయాన్ని చవక స్థలం దొరికిందని ఊరి బయట కడితే, ఆ ఆదా అంతా అర్జీ పట్టుకు వచ్చే రైతు ఆటో ఖర్చుగా తిరిగి కడతాడు. జిల్లా, డివిజన్ కేంద్రాలు కొత్తగా ఏర్పడిన ప్రతి చోటా ఈ పొరపాటుకు అవకాశం ఉంది.

అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు వంటి సరుకు కేంద్రాల్లో లారీల దారిని ప్రయాణికుల దారి నుంచి విడదీయాలి. యాత్రా కేంద్రాలు మరో రకం. వాడపల్లికి శనివారాలు, అంతర్వేదికి కల్యాణం రోజులు, జగ్గన్నతోటకు కనుమ నాటి ప్రభల తీర్థం. ఏడాదిలో కొద్ది రోజులు పోటెత్తే ఈ చోట్ల శాశ్వత కట్టడాల కంటే తాత్కాలిక బస్సు ప్రాంగణాలు, నడక దారులే తగినవి. (చూ. ప్రభల తీర్థం)

ప్రణాళిక పనితీరు

పని సర్వేతో మొదలవుతుంది. ఏ బస్సులో ఎందరు దిగారో ఆర్టీసీ టికెట్ యంత్రాల లెక్కల్లో ఉంటుంది. దిగినవారు ఎటు నడిచారో, ఎందుకు ఆటో ఎక్కారో కాలినడకన వెంబడించి రాసుకోవాలి. ఆ లెక్కతో ప్రభావ మండలం హద్దు గీస్తారు. తరువాత ఆ హద్దు లోపలి ప్రతి స్థలం ఉపయోగం, యాజమాన్యం, కట్టడం వయసు నమోదు చేసి స్థానిక ప్రాంత ప్రణాళిక తయారు చేస్తారు.

అమలు వరస ముఖ్యం. కాలిబాట, మురుగు కాలువ, వీధి దీపం ముందు. షేర్ ఆటోలకు, వీధి బండ్లకు గీతలు గీసిన చోటు తరువాత. ఎత్తు పెంచే అనుమతులు చివర. వరస తిరగబడితే కొత్త అంతస్తుల జనం పాత ఇరుకు వీధి మీదే పడతారు. పార్కింగ్ విషయంలో టీఓడీ సూత్రం మామూలు నియమానికి ఎదురు నడుస్తుంది. ప్రతి భవనం ఇన్ని వాహనాలకు కనీసం చోటు చూపాలని మామూలు నియమం అంటే, బస్టాండు దగ్గర ఇంతకు మించి చోటు ఇవ్వకూడదని టీఓడీ గరిష్ఠ పరిమితి పెడుతుంది. ఇంటికొక బైకు ఉన్న ఊళ్లో ఇది సులభంగా ఒప్పుకునే మాట కాదు. బస్సు నమ్మకంగా వస్తుందని తేలాకే జనం దీన్ని ఒప్పుకుంటారు.

నేల, నీరు, గాలివాన

డెల్టాలో కట్టడం మెట్ట ప్రాంతంలో కట్టడం లాంటిది కాదు. ఒండ్రుమట్టి, బంకమట్టి మీద ఎత్తయిన భవనానికి పునాది ఖర్చు ఎక్కువ. భూగర్భ జలం పైపైనే ఉంటుంది కాబట్టి సెల్లార్ తవ్వి వాహనాలు పెట్టే మార్గం దాదాపు మూసుకుపోయింది. దాంతో వాహనాలు నేల అంతస్తులోకి, అంటే స్తంభాల నడుమ గోడలు లేకుండా వదిలే స్టిల్టులోకి వస్తాయి. టీఓడీ కోరేది మాత్రం నేల అంతస్తులో దుకాణాలు, వాటి ముందు నడిచే జనం. ముంపు దృష్ట్యా స్టిల్టు మంచిది, వీధి దృష్ట్యా దుకాణం మంచిది. నడిబొడ్డులో రోడ్డు వైపు దుకాణాలను ఎత్తయిన అరుగు మీద ఉంచి, స్టిల్టును వెనుకకు నెట్టడం ఈ చిక్కుకు ఒక పరిష్కారం. పాత కోనసీమ పెంకుటిళ్ల ఎత్తరుగు తెలిసినవారికి ఇది కొత్త ఊహ కాదు.

1986, 2006, 2022 వరదల్లో నదుల నడుమ ఉన్న లంక గ్రామాలు మునిగాయి. 1996 నవంబరు తుపాను కోనసీమ కొబ్బరిని నేలకూల్చింది. తుపాను రాత్రి లోతట్టు జనానికి బస్సు చేరే చోటే ఆశ్రయం చేరే చోటు. అందువల్ల బస్టాండును గట్టి కప్పుతో, వరద మట్టం కంటే ఎత్తులో కట్టడం, దానికి తాగునీరు, కరెంటు సొంతంగా ఉండేలా చూడటం ఇక్కడి టీఓడీలో తప్పనిసరి భాగం.

మురుగు పారుదల అన్నిటికంటే పెద్ద సంగతి. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు పూడుకుపోయిన డ్రెయిన్లూ ప్రస్తావనకు వచ్చాయి. పట్టణం అంచున చేలను మెరక చేసి లేఅవుట్ వేసిన ప్రతిసారీ పక్క చేను నీరు పోయే దారి మూసుకుపోతుంది. ఊరిని అడ్డంగా పరచకుండా నడిబొడ్డులో నిలువుగా పెంచడానికి కోనసీమలో ఉన్న గట్టి కారణం ఇదే. ఇతర నగరాలు టీఓడీని ట్రాఫిక్ కోసం చేస్తాయి. కోనసీమకు అది వరి చేనూ, కొబ్బరి తోటా నిలవడానికి కావాలి.

నిధులు

ప్రయాణ వసతి రాగానే చుట్టుపక్కల భూమి ధర పెరుగుతుంది. ఆ పెరుగుదలలో కొంత ప్రజా ఖజానాకు రాబట్టే పద్ధతులను కేంద్రం 2017లో ఒక విధానంగా ప్రకటించింది. అదనపు అంతస్తుకు రుసుము, అభివృద్ధి రుసుము, ప్రభుత్వ స్థలాల దీర్ఘకాలిక లీజు వాటిలో ఉన్నాయి. ఆర్టీసీ ప్రాంగణంలో పై అంతస్తులను అద్దెకివ్వడం అమలాపురానికి అందుబాటులో ఉన్న దారి. కింద బస్సులు తిరిగే చోటు తగ్గకుండా చూడాలన్నది షరతు.

రోడ్డు వెడల్పుకు స్థలం ఇచ్చినవారికి నగదు బదులు ఇచ్చే టీడీఆర్ బాండ్ల మీద జాగ్రత్త అవసరం. పొరుగున ఉన్న తణుకులో ఆ బాండ్ల జారీలో అక్రమాలపై విచారణలు జరిగాయి. బాండు విలువ లెక్క, ఇచ్చిన స్థలం, కొన్నవారు అన్నీ బహిరంగ పట్టికలో ఉంటేనే ఈ సాధనం నిలబడుతుంది.

విమర్శలు

టీఓడీ మీద ప్రపంచమంతటా వినిపించే ప్రధాన విమర్శ అద్దెల పెరుగుదల. స్టేషన్ పక్కన నివాసం ఖరీదైనప్పుడు బస్సు అవసరం ఎక్కువగా ఉన్నవారే దూరం జరుగుతారు. అమలాపురంలో ఈ దెబ్బ మొదట తగిలేది గది అద్దెకు తీసుకుని చదువుకునే విద్యార్థులకు, చిన్న టిఫిన్ బండి వారికి, కూలి పని కోసం రోజూ వచ్చేవారికి. జాతీయ విధానం తక్కువ ఆదాయ వర్గాల ఇళ్లకు వాటా ఉంచాలని చెప్పింది గాని దాన్ని అమలు చేసే బాధ్యత స్థానిక సంస్థదే.

రెండో విమర్శ వీధుల వెడల్పుకు సంబంధించినది. పాత వీధిని వెడల్పు చేస్తే ఎత్తు వస్తుంది, కానీ తరతరాల చిన్న కొట్లు పోతాయి. ఇందుకు ప్రతిగా కొందరు ప్రణాళికావేత్తలు వీధిని వెడల్పు చేయకుండా ఒక వైపు రాకపోకలు, కొన్ని గంటలు వాహన నిషేధం సూచిస్తారు. పురపాలక సంఘానికి సిబ్బంది తక్కువ, ప్రణాళిక నిపుణులు ఇంకా తక్కువ అన్నది మూడో విమర్శ. దానికి జవాబు సిబ్బందిని పెంచడమే.

ప్రస్తుత స్థితి

అమలాపురం నుంచి రైలు ఎక్కాలంటే ఇప్పటికీ సుమారు 65 కిలోమీటర్ల దూరంలోని రాజమహేంద్రవరానికో, కాకినాడకో, వసిష్ఠ దాటి నర్సాపురానికో బస్సులో వెళ్లాలి. కోటిపల్లి దగ్గర గౌతమిలో రైలు వంతెన స్తంభాలు నిలబడి ఉన్నాయి. మంజూరై ఇరవై నాలుగేళ్లు నిండిన 2024 నాటికి వాటి మీదుగా పట్టాలు అమలాపురం చేరలేదు. స్తంభాల పక్కనుంచి ముక్తేశ్వరం పంటు నడుస్తూ ఉంది.